ఒక్క ఏడాదే కదా

ఉత్తరం చదివి అరసెలీ మోంతెహానో ఏడవలేదు. బల్ల మీద రాలిన తీపి రొట్టె పొడిని వేలి కొసతో ఒక్కొక్క నలుసే ఏరుతూ, మాడినవి ఒక పక్కకీ మాడనివి ఒక పక్కకీ జరపడం మొదలుపెట్టింది. రోజూ బాదం ఫ్యాక్టరీలో ఎనిమిది గంటలు బెల్టు ముందు నిలబడి పెంకు ముక్కలూ మచ్చ గింజలూ ఏరే పిల్ల. చేతులకి తీరిక దొరికినా అవి ఏరుతూనే ఉంటాయి.

ఉత్తరాన్ని లియోనోర్ బెటెన్‌కూర్ తన వైపు తిప్పుకుంది. ఈ కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి, యూనివర్సిటీలో మూడో ఏడాదికి మారాలనుకునే పిల్లలకి దారి చూపించడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే రేకుల గది, అదే బల్ల, కన్నీళ్ళు తుడుచుకోవడానికి బల్ల మీద అదే కాగితపు రుమాళ్ళ డబ్బా. ఆ డబ్బా ఖాళీ అవడాన్ని బట్టి మే నెల వచ్చిందని తెలుస్తుంది.

"సీటు ఇచ్చారుగా" అంది పైన నాలుగు వాక్యాలు చదివి.

"ఇచ్చారు మిస్. లెక్కల డిగ్రీలో కాదు. కింద చూడండి."

కింద చిన్న అక్షరాల్లో ఉంది. అరసెలీ ఇక్కడ చదివిన లీనియర్ ఆల్జీబ్రాని యూనివర్సిటీ గుర్తించదు. ఊరికే చదివిన పాఠాల్లో కలిపి రాసుకుంటుంది అంతే. గణితం డిగ్రీలోకి రావాలంటే ఆ పాఠం అక్కడ మళ్ళీ చదవాలి. అది అక్కడ ఏడాదికోసారే చెబుతారు. అది పూర్తి కాకుండా మూడో ఏడాది పాఠాల్లో కూర్చోనివ్వరు. రెండో ఏడాదికి వెనక్కి నెట్టినట్టే. కారణం ఒక్క ముక్కలో రాసి, కింద ఎవరిదో గీకినట్టున్న సంతకం: పాఠ్యపుస్తకం పాతది.

"స్కాలర్‌షిప్ రెండేళ్ళకే ఇచ్చారు" అంది అరసెలీ. "అక్కడ ఇంకో ఏడాది పెరిగితే ఎవరూ ఇవ్వరు. ఫ్యాక్టరీలో నన్ను లైన్ సూపర్‌వైజర్‌ని చేస్తామంటున్నారు. శుక్రవారం మధ్యాహ్నం లోపల చెప్పాలట. యూనివర్సిటీకి కూడా శుక్రవారమే. ఇద్దరికీ ఒక్క రోజే దొరికింది."

లియోనోర్ కుర్చీ ముందుకు జరుపుకుని ఆ పిల్ల చేతి మీద చెయ్యి వేసింది. ఇలాంటప్పుడు ఏమనాలో ఆవిడ తడుముకోనక్కర్లేదు.

"ఒక్క ఏడాదే కదా తల్లీ. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోతుంది. తెలిసిన పాఠమే కాబట్టి హాయిగా మంచి గ్రేడు కూడా తెచ్చుకుంటావు."

అరసెలీ వేలు ఆగింది.

"నాకు ఇరవై ఆరేళ్ళు, మిస్" అంది.

రెండు పక్కల పొడినీ అరచేతిలోకి ఊడ్చి, చెత్తబుట్టలో వేసి, షిఫ్టుకి వెళ్ళిపోయింది. బుధవారం యూనివర్సిటీలో కొత్తగా చేరబోయే పిల్లలకి స్వాగత సభ ఉంది. దానికి వస్తావా అని అడగడానికి లియోనోర్‌కి నోరు రాలేదు. గోడ మీద ఆ సభ పోస్టరుంది. పోస్టరు మీద ఉన్నది అరసెలీయే.

*

హేగ్ తష్జియాన్ మాష్టారి గదిలో ఇనప బీరువా ఒకటుంది. అందులో ముప్ఫై ఒక్క లీనియర్ ఆల్జీబ్రా పుస్తకాలున్నాయి. అన్నీ 2004 నాటివే. మొదటి రోజు క్లాసులో ఆయన వాటిని తలా ఒకటి పంచుతాడు. చదువు అయిపోయి వెళ్ళేటప్పుడు పిల్లలు అట్ట లోపల తమ పేరూ, వెళ్ళబోయే యూనివర్సిటీ పేరూ రాసి తిరిగి ఇవ్వాలి. ఆయన పెట్టే చివరి పరీక్ష అదేనని అంటుంటాడు. కొన్ని పుస్తకాలకి లోపలి అట్ట నిండిపోయి, కాగితం అతికించాల్సి వచ్చింది.

లియోనోర్ ఉత్తరం చూపించగానే మాష్టారు కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్నాడు. బల్ల మీది ఆప్రికాట్ల గిన్నె ఆవిడ వైపు జరిపాడు. అవి ఆయన పెరటి చెట్టువి.

"తిను. కోపంగా ఉన్నప్పుడు తీపి తినాలి."

"మాష్టారూ, పాఠ్యప్రణాళిక కాగితంలో ఇప్పటికీ ఆ పాత పుస్తకం పేరే రాస్తున్నారా?"

"రాస్తున్నాను. కొత్తది రాస్తే ఏమవుతుందో నీకు తెలీదూ? మన పుస్తకాల షాపువాడు ఆ కాగితం చూసి కొత్తవి తెప్పిస్తాడు. మొదటి రోజే గుమ్మం దగ్గర పేర్చి పెడతాడు. నేను వద్దన్నా వినకుండా పిల్లలు భయపడి కొనేస్తారు. కొత్తదాంట్లో ఏముందని? లెక్కల వరస మార్చాడు, అట్ట మీద వంతెన బొమ్మ వేశాడు. మాత్రికలు మాత్రం పాతవే."

"ఏడేళ్ళ లోపు పుస్తకం ఉండాలని యూనివర్సిటీ నియమం."

"నియమం ఉంటే ఇన్నాళ్ళూ ఎలా ఒప్పుకున్నారు?"

అందరికీ ఒప్పుకోలేదని లియోనోర్‌కి తెలుసు. కొంతమందికి ఒప్పుకున్నారు, కొంతమందికి లేదు. కాగితం ఏ యూనివర్సిటీలో ఏ బల్ల మీద పడితే ఆ బల్ల బుద్ధి. ఒప్పుకోనివాళ్ళు వచ్చి ఆవిడ గదిలో కూర్చున్నారు. ఆవిడ వాళ్ళకి రొట్టె పెట్టింది, ధైర్యం చెప్పింది, పంపించింది. మాష్టారి దాకా రానివ్వలేదు. ముసలాయన మనసు కష్టపెట్టడం ఎందుకనుకుంది.

"తూ షాంగ్ గుర్తున్నాడా?" అన్నాడు మాష్టారు. "బోర్డు మీద నా తప్పు పట్టుకున్నవాడు. రెండేళ్ళ కింద వెళ్ళాడు, ఒక్క టర్ములో తిరిగొచ్చేశాడు. ఇప్పుడు హైవే పక్కన టైర్ల షాపులో చేస్తున్నాడు. మొన్న నా కారుకి టైరు మార్చి, చదువు పడలేదు సార్ అన్నాడు. వాడికి పడకపోవడం ఏమిటి అనుకున్నాను. వాణ్ణీ ఇలాగే చేశారా?"

లియోనోర్ ఆప్రికాట్ గింజని రుమాల్లో చుట్టింది. విప్పింది. మళ్ళీ చుట్టింది.

"అలాగే చేశారు."

మాష్టారు కళ్ళజోడు కిందకి దించుకున్నాడు. బీరువా వైపు చూస్తూ కూర్చున్నాడు. "పిల్లలకి మేలు చేస్తున్నాననుకున్నాను" అన్నాడు. "నాకు ఒక్క మాట చెప్పకపోయావేం?"

ఆవిడ గింజ చుట్టిన రుమాలు పట్టుకుని లేచి వచ్చేసింది.

*

బుధవారం అరసెలీ తనంతట తానే వచ్చింది. ఫ్యాక్టరీలో తన షిఫ్టు ఇంకొకామెకి ఇచ్చి, యూనివర్సిటీ హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. భుజానికి సంచీ, సంచీలో ఇంకా తిరిగివ్వని పుస్తకం.

"ఎందుకు కాదన్నారో మొహాన చెబుతారేమో వినాలనుంది మిస్" అంది.

హాలు లోపల నిలువెత్తు బ్యానరు. దాని మీద అరసెలీ తెల్ల కోటు వేసుకుని, కళ్ళకి పెద్ద ప్లాస్టిక్ అద్దాలు పెట్టుకుని, గాజు సీసాలో నీలం ద్రవాన్ని ఎత్తి చూస్తోంది. అది క్యాంటీన్లో తెచ్చిన కూల్‌డ్రింకు. లెక్కలు చదివే పిల్లకి సీసా ఎందుకయ్యా అని ఆ రోజు లియోనోర్ అడిగితే, సైన్సు కనిపించాలి కదండీ అన్నాడు ఫొటోగ్రాఫరు. లెక్కలు కనిపించవట. బ్యానరు కింద పెద్ద అక్షరాలతో ఉంది: మీ మూడో ఏడాది ఇక్కడ మొదలవుతుంది.

లియోనోర్ ఉత్తరాన్ని సంచీలోంచి బయటికి తీసింది.

కాలేజీలతో భాగస్వామ్యాలు చూసే యూనివర్సిటీ డైరెక్టరు బ్రెంట్ హాల్వోర్సెన్ రెండు చేతులూ చాచి ఎదురొచ్చాడు. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, ఎవరినైనా పదేళ్ళ తర్వాత చూసినట్టే చూస్తాడు.

"లియోనోర్ గారూ, మీరు లేకపోతే ఈ వంతెన ఎక్కడిది? అరే, మన పోస్టర్ స్టార్ కూడా వచ్చిందే. భోజనం డబ్బాలు అటున్నాయి, మాంసం తినకపోతే ఆకుపచ్చ స్టిక్కరున్నవి తీసుకోండి."

"ఈ అమ్మాయిని మూడో ఏడాదిలోకి తీసుకోవడం లేదు" అంది లియోనోర్, ఉత్తరం విప్పి. "మీ బ్యానరు ఏమో తీసుకున్నామంటోంది."

హాల్వోర్సెన్ ఉత్తరం చదివాడు. మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఉంది. ఆవిడని మోచేయి పట్టుకుని బ్యానరు వెనక్కి తీసుకెళ్ళాడు. అరసెలీ కూడా వెనకే వచ్చింది. ఆయన గొంతు తగ్గించాడు.

"ఇది చాలా చిన్న విషయమండీ. మీ వాళ్ళని కాగితం మీద కొత్త పుస్తకం పేరు రాసేయమనండి. అంతే. క్లాసులో ఏది చెబుతున్నారో చూడటానికి ఎవరూ రారు."

"అంటే రాస్తే చాలు. చదవక్కర్లేదు."

"మీరు మరీ అలా అంటే ఎలా? వ్యవస్థ కదా, దానికో పద్ధతి ఉంటుంది."

"అలా రాసిస్తే ఈ అమ్మాయికి సరిపోతుందా?"

"అది వచ్చే ఏడాది నుంచి అమలవుతుంది. ఈ ఏడాదివాళ్ళకి కుదరదు." అరసెలీ వైపు తిరిగి తల పక్కకి వంచాడు. "కానీ నీలాంటి పట్టుదల ఉన్నవాళ్ళకి ఇది ఒక అనుభవం అనుకోవాలమ్మా."

అబద్ధం రాస్తే ఒప్పుకుంటారు, నిజం రాస్తే వెనక్కి నెడతారు, నెట్టిన పిల్ల బొమ్మని గోడకెక్కించి దాని కింద నిలబడి భోజనం డబ్బాలు పంచుతారు. లియోనోర్‌కి ఆ మనిషి మీద కన్నా, ఆయన చెయ్యి పట్టుకున్న తన మోచేయి మీద అసహ్యం వేసింది. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు ఆ చేతిని అలా పట్టుకోనిచ్చిందో. వదిలించుకుంది.

"సంతకం ఎవరిది?"

"గణిత విభాగం వాళ్ళది. ఈ కాగితాలన్నీ ప్రొఫెసర్ ఎవారిస్తో లాందా చూస్తారు. పాపం ఆయన చాలా బిజీ..."

అరసెలీ సంచీ కింద పెట్టింది. పుస్తకం తీసి లోపలి అట్ట తెరిచింది. రెండేళ్ళుగా ఇంట్లో, బస్సులో, ఫ్యాక్టరీ విరామాల్లో తెరిచిన అట్ట. ఆ పేర్లు ఆ పిల్లకి తన చుట్టాల పేర్లలా నోటికి వచ్చు. మూడో వరస మీద వేలు పెట్టింది.

ఎవారిస్తో లాందా, 2008. దాని పక్కన ఈ యూనివర్సిటీ పేరు, కింద రెండు గీతలు.

"ఈయన మనవాడు, మిస్" అంది.

*

లాందా గది మూడో అంతస్తులో. తలుపు మీద పేరు, కింద డిగ్రీల వరస. ఆ వరసలో కమ్యూనిటీ కాలేజీ లేదు. ముప్ఫై ఎనిమిదేళ్ళ మనిషి, చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, మాట్లాడేటప్పుడు కుర్చీలోంచి లేవలేదు.

"అపాయింట్‌మెంట్ తీసుకోవాల్సింది, మేడమ్."

లియోనోర్ పుస్తకం తెరిచి ఆయన ముందు పెట్టింది. ఆయన పేర్లు చూశాడు. తన పేరు మీద బొటనవేలు ఆనించి, అక్కడే ఉంచాడు.

"ఈ పుస్తకంతోనే చదివారు మీరు" అంది ఆవిడ. "ఇప్పుడిది పాతదని సంతకం పెట్టారు."

"నా బల్ల మీదకి కాగితం వస్తుంది. కాగితంలో సంవత్సరం ఉంటుంది. ఏడు దాటితే కాదని రాస్తాను. పుస్తకం తెరవమని ఎవరూ చెప్పలేదు."

"తష్జియాన్ మాష్టారు ఎలా చెబుతారో మీకు తెలుసు కదా."

"తెలుసు. ఇక్కడెవరూ అంత బాగా చెప్పరు. నేనూ చెప్పను." బొటనవేలు ఇంకా పేరు మీదే ఉంది. "నన్ను కూడా మళ్ళీ చదివించారు మేడమ్. నాదీ ఒప్పుకోలేదు, అప్పుడు సాకు వేరే. చదివాను. ఏమైంది? ఒక్క ఏడాదే కదా. కళ్ళు మూసి తెరిచేలోగా అయిపోయింది. తెలిసిన పాఠమే కాబట్టి మంచి గ్రేడు కూడా వచ్చింది."

అరసెలీ తలెత్తి ఆయన వైపు చూడలేదు. లియోనోర్ వైపు చూసింది.

లియోనోర్‌కి ఒక్క క్షణం ఏం విన్నదో అర్థం కాలేదు.

"ఆ మాట..."

"మీదే, మిస్" అన్నాడు లాందా. అప్పటిదాకా మేడమ్ అన్నవాడు. "రేకుల గదిలో, కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. తీపి రొట్టె పెట్టారు. ఆ ఏడాది మా నాన్న ద్రాక్షతోటలో నా పని కూడా తనే చేసి నడుము పోగొట్టుకున్నాడు. మీకు గుర్తుండదు లెండి, ఎంతమంది వస్తారో."

గుర్తు లేదు. ఆవిడ ఆ మొహం కోసం ఎంత వెతుక్కున్నా రుమాళ్ళ డబ్బా తప్ప ఏమీ కనబడలేదు. చెప్పిన మాట మాత్రం తనదేనని సందేహం లేదు.

"ఇంకో సంగతి" అన్నాడు లాందా. గొంతులో కోపం లేదు. అలవాటైన పాఠం చెబుతున్నట్టు ఉంది. "సీటు వచ్చిన విద్యార్థి ఎవరైనా రాసి అడిగితే, విభాగం పరీక్ష పెట్టి, ఆ పాఠం పూర్తయినట్టు ఒప్పుకోవచ్చు. అది పాత నియమం. నా రోజుల్లో కూడా ఉంది. నాకెవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక నియమాల పుస్తకంలో చూశాను."

"ఎప్పుడు?"

"తొమ్మిదేళ్ళయింది."

"తొమ్మిదేళ్ళుగా తెలిసి, మన పిల్లల కాగితాల మీద కాదని రాస్తూ కూర్చున్నారా?"

"అడిగితే అని ఉంది మిస్ నియమంలో. ఎవరూ అడగలేదు. పిల్లలకి తెలీదు, సరే. తెలుసుకోవడానికి మీ కాలేజీలో ఒక ఉద్యోగం ఉంది కదా. ఆ ఉద్యోగంలో ఉన్నవాళ్ళు ఒక్క ఫోను చేస్తారేమో చూద్దామనుకున్నాను. మొదట్లో. తర్వాత అలవాటైపోయింది."

ఇంత నీచంగా కూడా ఉండొచ్చా మనిషి, అనుకుంది లియోనోర్. ఆ వెంటనే, ఆయన చెప్పినదాంట్లో కాదనడానికి ఒక్క ముక్క కోసం వెతుక్కుంది. దొరకలేదు. ఇరవై రెండేళ్ళలో ఆ నియమాల పుస్తకాన్ని ఆవిడ చివరి దాకా తిరగెయ్యలేదు. పోస్టర్లు అతికించింది, బస్సులు మాట్లాడింది, రొట్టెలు తెచ్చింది. ఇద్దరి చేతులూ ఒకే మురికిలో ఉన్నాయి. ఆయనది కనీసం సంతకం రూపంలో కనబడుతోంది.

అరసెలీ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నేను అడుగుతున్నాను, సార్."

"రాసి ఇవ్వాలి."

"కాగితం ఇవ్వండి."

లాందా అడుగు సొరుగు లాగాడు. దరఖాస్తుల కట్ట, చుట్టూ రబ్బరు బ్యాండు. విప్పబోతే బ్యాండు పొడిపొడిగా రాలిపోయింది. పై కాగితం పసుపెక్కి ఉంది. దాన్ని తీసేసి రెండోది ఇచ్చాడు. అరసెలీ బల్ల అంచునే పెట్టుకుని నింపింది. తప్పు పోకుండా, నిదానంగా.

"శుక్రవారం పొద్దున్న తొమ్మిదికి" అన్నాడాయన.

*

గురువారం హేగ్ మాష్టారు ప్రణాళిక కాగితంలో కొత్త పుస్తకం పేరు రాశాడు. వంతెన బొమ్మ ఉన్నది. పెన్ను మూత పెట్టి, "నలభై ఏళ్ళలో లెక్కల కాగితం మీద మొదటి అబద్ధం" అన్నాడు. షాపు గుమ్మం దగ్గర నిలబడి వాటిని కొనొద్దని చెప్పడానికి మొదటి రోజు తానే వస్తానని లియోనోర్ చెప్పింది. ఆయన తల ఊపాడు కానీ ఆవిడ మొహం వైపు చూడలేదు.

శుక్రవారం ఆయన యూనివర్సిటీ దాకా వచ్చాడు, లోపలికి మాత్రం రానన్నాడు. కారులోనే కూర్చున్నాడు, ఒళ్ళో ఆప్రికాట్ల సంచీ పెట్టుకుని. లాందా వచ్చి పలకరిస్తాడేమో అనుకున్నట్టుంది. పైకి అనలేదు.

"బోర్డు తుడిచే పని ఎప్పుడూ వాడే చేసేవాడు" అన్నాడు ఒకసారి. "బాగా తుడిచేవాడు."

లియోనోర్ మూడో అంతస్తు వరండాలో బెంచీ మీద కూర్చుంది. పరీక్షకి మూడు గంటలు. ఒళ్ళో నియమాల పుస్తకం ప్రింటు తీయించుకుని పెట్టుకుంది. నూట పదహారో పేజీలో ఉంది ఆ వాక్యం. రెండు పంక్తులు. దాని మీద నుంచి ఎవరి కళ్ళయినా జారిపోతాయి. ఆవిడ కళ్ళు అక్కడి దాకా వెళ్తే కదా జారడానికి.

గంటంపావు తిరక్కుండానే తలుపు తెరుచుకుంది. అరసెలీ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుంది.

"ఏమైంది?"

"అయిపోయింది మిస్. మాష్టారు మూడో వారంలో చేయించిన లెక్కలే." చేతివేళ్ళు ఒళ్ళో ఊరికే ఉన్నాయి. "దీనికోసమా ఏడాది?"

పావుగంట తర్వాత లాందా వచ్చాడు. చేతిలో దరఖాస్తు. పూర్తయినట్టు రాసి, కింద సంతకం చేసి ఉంది. అదే గీకినట్టున్న సంతకం.

"ఒక్కటి కూడా తప్పు లేదు" అన్నాడు. "పదకొండింటికల్లా ఆఫీసులో ఇచ్చేస్తే మూడో ఏడాదిలోనే వేస్తారు."

అరసెలీ కాగితం తీసుకుని, మడిచి, సంచీలో పెట్టుకుంది. ఆయన ఒక్క క్షణం నిలబడ్డాడు. కింద మాష్టారు కారులో ఉన్నారని లియోనోర్ చెప్పింది. లాందా కిటికీ దాకా వెళ్ళాడు, కిందకి చూశాడు, క్లాసుందని చెప్పి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

"థాంక్స్ చెప్పాల్సిందా మిస్?"

"అక్కర్లేదు."

అరసెలీ పుస్తకం తీసి అట్ట తెరిచింది. చివరి వరస కింద తన పేరు రాసింది, యూనివర్సిటీ పేరు రాసింది. పుస్తకాన్ని వెంటనే ఇవ్వలేదు. తన పేరుకి పైనున్న పేరు మీద వేలు పెట్టింది.

"ఈయనకి చెప్పారా?"

తూ షాంగ్ అని ఉంది అక్కడ.

లియోనోర్ లేచి లాందా తలుపు తట్టింది. మధ్యలో మానేసినవాళ్ళు తిరిగి చేరితే పరీక్షకి అడగొచ్చా అని గుమ్మంలోంచే అడిగింది. అడగొచ్చన్నాడు. ఆవిడ వెనక్కి వచ్చి ఫోను తీసింది. అరసెలీని ఆఫీసుకి వెళ్ళమంది. ఆ పిల్ల వెళ్ళలేదు, పక్కనే నిలబడింది.

"టైర్ల షాపు. చెప్పండి."

"తూ, నేను, లియోనోర్‌ని. కాలేజీ నుంచి."

"మిస్? ఏమైంది, టైరు పంక్చరా?"

ఆవిడ నోటికి పాత మాటలన్నీ వరసగా వచ్చాయి. ఎలా ఉన్నావు బాబూ, అమ్మ బాగుందా, ధైర్యంగా ఉండు. వాటన్నిటినీ మింగేసింది.

"లీనియర్ ఆల్జీబ్రా మళ్ళీ చదవమన్నప్పుడు నా దగ్గరికొచ్చావు. ఒక్క ఏడాదే కదా అన్నాను. మళ్ళీ చదవక్కర్లేదు తూ. ఒక పరీక్ష ఉంది. అడిగితే పెడతారు. నేను కనుక్కోలేదు."

అవతల గాలి మిషను మోత. అది ఆగింది.

"ఎప్పట్నుంచి ఉంది మిస్ అది?"

"మొదట్నుంచీ ఉంది."

దూరంగా ఎవరో కేకేశారు.

"కారొచ్చింది మిస్. చక్రం విప్పి వస్తాను. ఉంటారా?"

"ఉంటాను."

ఫోను ఎక్కడో రేకు మీద పెట్టిన చప్పుడైంది. బోల్టు ఒకటి ఊడింది, తర్వాత రెండోది. లియోనోర్ ఫోను చెవికి ఆనించుకుని వరండాలో నిలబడి వింటోంది.